తుపాకికి రసీదు

రెండేళ్ళ కిందట ఆన్‌సైటు పని మీద డాలస్ వెళ్ళాల్సొచ్చింది. అక్కడ మా టీములో డేటాబేసు పని చూసే ఒకాయన ఉండేవాడు. యాభై దాటిన పెద్దమనిషి, నెమ్మదస్తుడు. మధ్యాహ్నం భోజనానికి బయటికెళ్ళినప్పుడల్లా కారెక్కగానే సీటు పక్కనున్న చిన్న పెట్టె తాళం తీసి, నడుం దగ్గర ఏదో సర్దుకునేవాడు. తిరిగొచ్చాక మళ్ళీ అదే తంతు. నడుంనొప్పి బెల్టు కాబోలనుకుని, అడిగితే బావుండదని ఊరుకున్నాను. వారం గడిచాక తనే చెప్పాడు, అది పిస్తోలని. ఆఫీసు లోపలికి తేకూడదు కాబట్టి కారులో పెట్టి తాళం వేస్తాడట.

ఇక ఆ రోజు అరగంట సేపు నాకు క్లాసు. పొద్దున్నే ఆయన ఒంటి మీదకి చేరేవి ఐదు: ఫోను, పర్సు, తాళాలు, చిన్న చాకు, పిస్తోలు. ఆయనది గ్లాక్ 19. 1988లో వచ్చిన మోడలు. మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు, 9 ఎమ్మెమ్ తూటాలు పదిహేను పడతాయి. చొక్కా కింద కనపడకుండా ఎలా పెట్టుకోవాలి, కూర్చుంటే ఎక్కడ గుచ్చుకుంటుంది, చెమటకి తుప్పు పట్టకుండా ఏం చెయ్యాలి.. అన్నీ చెప్పాడు. ప్రతి ఆదివారం విప్పి తుడుస్తాడట. "మరి లైసెన్సో?" అన్నాను. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, ఇరవయ్యొకటి నిండి, చట్టపరంగా అడ్డంకుల్లేని వాళ్ళు పిస్తోలు వెంట పెట్టుకోడానికి లైసెన్సు అక్కర్లేదట. "మీ ఊళ్ళో ఏం పెట్టుకుంటారు?" అని అడిగాడు. "జేబులో దువ్వెన" అన్నాను. గోదావరి జిల్లా వాణ్ణి కదా, నోరూరుకోదు.

రాత్రి రూముకొచ్చాక గుర్తొచ్చింది, నేను చెప్పింది అబద్ధమని. మా ఇంట్లోనే ఒక పిస్తోలుండేది.

మా అమ్మకి పెదనాన్న, అంటే మాకు పెదతాతగారు. కోనసీమలో కాలవ గట్టు మీద ఊరు. ఆయనకి రైసుమిల్లుండేది. ధాన్యం కొనుగోళ్ళ రోజుల్లో బ్యాంకు నుంచి రొక్కం తెచ్చుకోవాలి. అప్పట్లో ఊళ్ళో బ్యాంకు లేదు, దారిలో రేవు దాటాలి. ఆ కారణం చూపించి 1974లో దరఖాస్తు పెడితే కాకినాడ కలెక్టరాఫీసు నుంచి లైసెన్సొచ్చింది. పిస్తోలేమో పాత జమీందారీ కుటుంబం వాళ్ళ దగ్గర కొన్నారు. బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ చేసిన .32 బోరు. లండన్ పోలీసులు ఒకప్పుడు వాడిన రకమే. బల్లపరుపుగా, అరచేతి కంటే కాస్త పెద్దగా, అర కిలో పైన బరువుండేది. డాలస్ ఆయన గ్లాకూ ఖాళీగా ఉంటే దాదాపు అంతే.

మరి రోజూ వెంట పెట్టుకునేవారా అంటే, పెట్టుకున్నారు, రెండేళ్ళు. పంచె మీద తోలు బెల్టు బిగించి, దానికి ఒర తగిలించి, పైన బుష్‌షర్టు. సైకిలెక్కితే బరువుకి పంచె ఒక పక్కకి జారేదట. ఎండాకాలం చెమటకి ఒర తడిసి నడుమంతా ఒరుసుకుపోయేదట. తర్వాత దాన్ని డబ్బు సంచిలోనే పెట్టటం మొదలుపెట్టారు. అప్పుడు మా పెదమ్మమ్మ అందిట: "దొంగెవడైనా సంచి లాక్కుంటే డబ్బుతోపాటు తుపాకీ ఇచ్చి పంపినట్టేగా, ఆయ్." ఆ ఒక్క మాటతో పిస్తోలు ఇనప్పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏడాదికి నాలుగైదుసార్లు కంటే బయటికి రాలేదు.

కాల్చింది రెండేసార్లు. కొన్నప్పుడు బాగుందో లేదో చూడటానికి ఒకసారి. మిల్లు దగ్గర పిచ్చికుక్క తిరుగుతోందంటే ఇంకోసారి. గురి తప్పింది. "తుపాకి దెబ్బకి దొరక్కుండా పోయాడు" అని మనం మాటవరసకి అంటుంటాం గానీ, ఆ కుక్క నిజంగానే పోయింది. పెదతాతగారి గురించి ఊళ్ళో తుపాకి రాముడి వేళాకోళం చాలా ఏళ్ళు నడిచింది. తుపాకి రాముడంటే తెలుసుగా, పాత కోటు తొడుక్కుని, చెక్క తుపాకి భుజానేసుకుని, లేని జమీందారీల గురించి కోతలు కోసే పిట్టలదొర. మన జానపదులు తుపాకి పట్టుకున్నవాణ్ణి వీరుడిగా కంటే ముందు కోతలరాయుడిగానే చూశారేమోనని నా అనుమానం.

అయితే ఆ చెక్క తుపాకికి లేని బాధ ఒకటి అసలు తుపాకికుంది. తుప్పు.

కోనసీమ గాలి సంగతి తెలిసిందే. ఒక పక్క సముద్రం, మిగతా పక్కల గోదారి పాయలు, మధ్యలో కాలవలు. ఇంట్లో కత్తిపీటకే వారంలో మచ్చలొస్తాయి. పాత పిస్తోళ్ళ ఉక్కుకి ఉండేది పల్చటి నీలం పూత. అది చెయ్యి తగిలినచోటల్లా అరిగిపోతుంది. పెదతాతగారి పద్ధతులు కొన్ని మా మావయ్య నోట విన్నవి, కొన్ని నేను చిన్నప్పుడు చూసినవి.

మొట్టమొదటిది, పిస్తోలు పట్టుకోగానే మాగజైను తీసెయ్యాలి, స్లైడు వెనక్కి లాగి చాంబరులోకి చూడాలి, వేలు పెట్టి మరీ చూడాలి. ఖాళీ అని తెలిసినా సరే. ఆ తర్వాతే ఏ పనైనా. గొట్టం ఎప్పుడూ గోడ వైపే ఉండాలి, పిల్లలు గది బయటే ఉండాలి. తూటాలు పిస్తోలుతోపాటు ఉండకూడదు. అవి వేరే బీరువాలో హార్లిక్స్ సీసాలో ఉండేవి.

రెండోది, తోలు ఒరలో దాచకూడదు. చూడ్డానికి బావుంటుంది గానీ, తోలు తేమ పీలుస్తుంది, పదును పెట్టినప్పటి లవణాలు అందులో ఉంటాయి. మొదటి వర్షాకాలం ఆయన ఒరలోనే వదిలేస్తే, తీసేసరికి ఒర కుట్లు ఏ గీతన ఉన్నాయో ఆ గీతనే తుప్పు అచ్చుగుద్దినట్టుందట. అప్పట్నుంచి నూనె గుడ్డలో చుట్టి, మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పక్కన పడేసేవారు.

మూడోది నూనె. కొబ్బరినూనె పనికిరాదు. చుట్టూ కొబ్బరితోటలే కాబట్టి చెయ్యి ముందు దానికే పోతుంది. కానీ అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. సంక్రాంతి పొద్దున్నే చూస్తే లోపల మైనం పోసినట్టుంటుంది. పైగా పాతబడితే జిగురవుతుంది. అందుకని కుట్టుమిషను నూనె, అదీ చుక్కలు లెక్కపెట్టి. ఇత్తడి కడ్డీకి ఫ్లానెల్ గుడ్డ చుట్టి గొట్టంలో తోసి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి. చివర్న వేలిముద్రలన్నీ తుడిచి, నూనె గుడ్డతోనే పట్టుకుని లోపల పెట్టాలి. పెదమ్మమ్మ సణుగుడు కూడా ఈ తంతులో భాగమే: "ఆ ఇనపముక్కకి పూసిన నూనె నా మిషనుకి వేసుంటే ఈపాటికి ఊరందరికీ రవికలు కుట్టేదాన్ని."

నాలుగోది నాకు ఇంజనీరింగు చదివాక గానీ అర్థం కాలేదు. పాతకాలం తూటాలు కాలిస్తే గొట్టాన్ని ముందు వేడినీళ్ళతో కడగాలి, ఆ తర్వాతే నూనె అనేవారు. ఇనుముకి నీళ్ళేంటి అనిపిస్తుంది. అప్పటి తూటాల అడుగున నిప్పు పుట్టించే మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. కాలాక మిగిలేది పొటాషియం క్లోరైడు, అంటే ఉప్పుకి అన్నదమ్ముడు. అది గాల్లో తేమ లాక్కుంటుంది. నూనె ఉప్పుని కరిగించదు, నీళ్ళే కరిగించాలి. .303 రైఫిళ్ళు మోసిన సిపాయిలు కాల్పులయ్యాక గొట్టంలో మరిగే నీళ్ళు పోసింది ఇందుకే. మాగజైను స్ప్రింగుకి విశ్రాంతి ఇవ్వాలని నెలకోసారి తూటాలు తీసి మార్చటం మాత్రం చాదస్తం. మంచి ఉక్కు స్ప్రింగు నొక్కిపెట్టి ఉంచితే చెడదు, మాటిమాటికీ నొక్కి వదిలితేనే అలుస్తుంది. ఈ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు.

ఇదంతా పావలా వంతు. మిగతా ముప్పావలా శ్రద్ధ పిస్తోలు మీద కాదు, కాయితం మీద.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుఫాను గురించి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వెయ్యి మందికి పైగా పోయారు, లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. నేనింకా పుట్టలేదు. పెంకులు లేచిపోతుంటే పెదతాతగారు ఇనప్పెట్టె తెరిచారట. మావయ్య నగలు తీస్తున్నారనుకున్నాడు. ఆయన తీసింది లైసెన్సు పుస్తకం. పాలిథిన్ సంచిలో చుట్టి, ట్యూబు ముక్కతో కట్టి, బనీనులో పెట్టుకున్నారు. పిస్తోలు పెట్టెలోనే ఉండిపోయింది. తర్వాత అడిగితే "తుప్పు పడితే నూనె రాసుకుంటాను. పుస్తకం తడిస్తే కాకినాడ చుట్టూ తిరగాలి" అన్నారట.

ఇనుము కంటే కాయితం అంత బరువెప్పుడైంది? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే చరిత్ర చాలా దూరం లాక్కెళ్ళింది, అదీ మన గోదావరి జిల్లాల్లోంచే.

1878లో లార్డ్ లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం వచ్చింది. ఇక్కడివాడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. లేకపోతే మూడేళ్ళ దాకా జైలు, దాచిపెట్టినట్టు తేలితే ఏడేళ్ళ దాకా. యూరోపియన్లకి మినహాయింపు. మనవాళ్ళలో రాజాలకీ, పెద్ద జమీందార్లకీ, బిరుదులున్నవాళ్ళకీ కొన్ని వెసులుబాట్లు. అంటే ప్రమాదం తుపాకిలో లేదు, పట్టుకున్న చేతి రంగులో ఉంది అన్నమాట. ఈ జాతి తేడాని 1920 నియమాల్లో గానీ తీసెయ్యలేదు.

చట్టం వచ్చి ఏడాది తిరిగేసరికి, 1879 మార్చిలో, గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు మొదలైంది. ముందు గొడవ తుపాకుల మీద కాదు, కల్లు మీద. సొంత చెట్టు కల్లు గీసుకుంటే పన్ను, దాని మీద మన్సబ్‌దారు దోపిడీ. పోలీసుస్టేషన్లే మొదటి గురి అయ్యాయి. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల స్టేషను తగలబెట్టాడు. అణచడానికి మద్రాసు సైన్యం నుంచి పటాలాలు రావాల్సొచ్చింది, 1880 దాకా సాగింది. మైదానంలో తుపాకులకి లెక్కలు రాయటం తేలిక, అడవిలో తేలిక కాదని తెలిసొచ్చింది.

నలభై మూడేళ్ళ తర్వాత అదే కొండల్లో అల్లూరి సీతారామరాజు. ఈ కథ మనకి సినిమాల వల్ల విల్లంబులతో గుర్తుంది గానీ, నాకు అందులో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఒక గుమాస్తా పని. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, రెండువేల ఐదొందల దాకా తూటాలు పట్టుకెళ్ళారు. పట్టుకెళ్తూ, ఏమేం తీసుకున్నదీ స్టేషను పుస్తకంలో రాసి, సీతారామరాజు సంతకం పెట్టాడు.

దొంగ రసీదు ఇవ్వడు కదా. మరి సంతకం ఎందుకు? నాకు తోచింది ఇది. తీసుకెళ్ళింది దొంగతనంగా కాదు, ఒక అధికారం దగ్గర్నుంచి ఇంకో అధికారం స్వాధీనం చేసుకుంది అని చెప్పటం. పైగా ఎన్ని పోయాయో లెక్క సంతకంతో ఉంటే, తర్వాత ఎవడూ ఆ పేరు చెప్పి ఇంకో నాలుగు మాయం చెయ్యలేడు. 1878 చట్టం ఏ పుస్తకాన్ని చూపించి జనాన్ని భయపెట్టిందో, ఆ పుస్తకంలోనే ఆయన తన పేరు రాశాడు. తుపాకి ఎవరిదో తేల్చేది ఇనుము కాదు, రిజిస్టరు అని ఆయనకి బాగా తెలుసు.

ఆయనకి లేనిది తర్వాతి సరఫరా. లెక్కెయ్యండి: 26 తుపాకులకి 2500 తూటాలంటే తుపాకికి వంద కూడా రాదు. అవయిపోతే తుపాకి దుడ్డుకర్ర. ముందే కబురుపెట్టి దాడి చెయ్యటం ఆయన పద్ధతి, దానికి మిరపకాయ టపా అని పేరు కూడా ఉంది. (ఇప్పటి మన టపాలకి ఆ ఘాటెక్కడిది!) పోలీసులు అది అర్థం చేసుకుని స్టేషన్లలోంచి ఆయుధాలు ముందే తరలించేశారు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్లు ముట్టడించినా తుపాకులు దొరకలేదు. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపేదాకా పోరాటం నడిచింది గానీ, ఆ మొదటి మూడు రోజుల పంట మళ్ళీ పండలేదు.

తూటా దొరక్కుండా చేస్తే తుపాకి ఉన్నా లేనట్టే అన్న సూత్రం ప్రభుత్వాలకి బాగా వంటబట్టింది. ఇప్పటికీ సైన్యం, పోలీసులు వాడే కొలతలు మామూలు లైసెన్సుదారులకి నిషేధం. డాలస్ ఆయన 9 ఎమ్మెమ్ ఇక్కడ మనకి దొరకదు. మా పెదతాతగారిది .32 కావటానికి కారణం ఆయన అభిరుచి కాదు, అది నిషిద్ధ జాబితాలో లేకపోవటం. అంటే స్టేషన్లోంచి తూటాలు జారిపోయినా బయటి పిస్తోలులో పట్టకూడదు. బ్రిటిషువాళ్ళ కాలంలో ఇషాపూర్ కర్మాగారంలో .303 రైఫిళ్ళనే గొట్టం మార్చి, మాగజైను చోటు చెక్కతో మూసి, ఒక్కోసారి ఒక్క తూటా మాత్రమే పట్టే .410 మస్కెట్లుగా చేసి పోలీసులకీ కాపలావాళ్ళకీ ఇచ్చారు. మా సాఫ్ట్‌వేరు వాళ్ళం రెండు సిస్టములు కలిసి పనిచెయ్యాలని చచ్చిపోతుంటాం. ఇక్కడ కలవకూడదనే డిజైను చేశారు.

సరే, అటు కొండల్లో ఇది జరుగుతుండగా, ఇటు కాకినాడలో 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగింది. ఒకే జిల్లా చుట్టుపక్కల, ఒకే చలికాలం, ఒకచోట అహింస, ఒకచోట పోలీసు తుపాకులు. కానీ ఆయుధాల చట్టం మీద కోపం ఇద్దరికీ ఉంది. దేశం మొత్తాన్ని నిరాయుధం చేసిన ఆ చట్టాన్ని గాంధీగారే 1918లో గట్టిగా తిట్టారు. 1931 కరాచీ తీర్మానం తర్వాత కాంగ్రెసు ప్రకటించిన ప్రాథమిక హక్కుల జాబితాలో నియమాలకి లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా ఉంది. చాలామందికి ఇది తెలియదు.

మరి రాజ్యాంగంలో ఎందుకు లేదు? 1948 డిసెంబరు మొదట్లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కు చేర్చమని సవరణ పెట్టాడు, కరాచీని గుర్తుచేశాడు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. పరిస్థితులు మారాయి, నేరస్తులకి కూడా అదే హక్కు ఇవ్వలేం, ఇప్పుడు కావాల్సింది ఆయుధం పట్టే హక్కు కాదు, దేశం కోసం పట్టాల్సొస్తే పట్టే బాధ్యత అన్నది ఆయన వాదం. సవరణ వీగిపోయింది.

2022లో మన దగ్గర జిల్లాలు విడదీసినప్పుడు చింతపల్లి, రంపచోడవరం అల్లూరి పేరుతో ఏర్పడ్డ జిల్లాలోకి వెళ్ళాయి. మా కోనసీమకి అదే ఏడు, పెద్ద గొడవల మధ్య, అంబేడ్కర్ పేరొచ్చింది. ఒకాయన స్టేషన్లోంచి తుపాకులు తీసుకుని సంతకం పెట్టినవాడు. ఇంకొకాయన తుపాకి హక్కుగా ఇవ్వనన్నవాడు. ఇద్దరూ నాకు గౌరవనీయులే. మొదటాయన ఎదుట ఉన్నది తను ఎన్నుకోని ప్రభుత్వం. రెండో ఆయన రాస్తున్నది ఎన్నుకోబోయే ప్రభుత్వానికి. కాయితం అదే, కానీ దాని వెనక ఉన్న చెయ్యి మారింది.

పూర్తిగా మారిందా అంటే, లేదు. 1959 చట్టం జాతి తేడా లేకుండా రాశారు, 1962 అక్టోబరు నుంచి అమల్లోకొచ్చింది. 1983లో మనిషికి మూడు తుపాకులే అని పరిమితి పెట్టారు. 1980ల మధ్యలో మామూలు జనానికి విదేశీ పిస్తోళ్ళ దిగుమతి ఆగిపోయి, పాత వెబ్లీలకి లక్షల ధర పలికింది. 2016 నియమాలు వాడకంలో శిక్షణ, భద్రంగా దాచే ఏర్పాటు తప్పనిసరి చేశాయి, బయటికి తీసుకెళ్తే ఒరలోనో సంచిలోనో కప్పి ఉంచాలన్నాయి. 2019 సవరణతో మూడు రెండైంది, లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళైంది, పెళ్ళిళ్ళలో గాల్లోకి కాల్చినా జైలే. లైసెన్సులన్నీ జాతీయ డేటాబేసులోకి ఎక్కించి ఒక్కో మనిషికి ఒక్కో నంబరిచ్చారు. డేటాబేసు మనిషిగా నాకిది ముచ్చటేసింది. ఇవన్నీ మంచివే. కానీ లైసెన్సు ఎవరికి అవసరం అన్నది నిర్ణయించే దగ్గర పాత వాసన పోలేదు. మిల్లు ఓనరు అడిగితే అవసరం. కొండమీద పోడు చేలో అడవిపందులతో వేగే రైతు దగ్గర నాటు తుపాకి దొరికితే కేసు. 1878లో జమీందారుకిచ్చిన వెసులుబాటు చట్టంలోంచి పోయింది గానీ, టేబులు అటుపక్కా ఇటుపక్కా కూర్చునేవాళ్ళ చూపుల్లోంచి పోలేదు. ఈ ఒక్క విషయంలో నాకు మా పెదతాతగారి పిస్తోలు గురించి చెప్పుకోడానికి కాస్త సిగ్గుగా ఉంటుంది.

ఇక రసీదుల సంగతి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పజెప్పమంటారు. ఎసెంబ్లీ, పార్లమెంటు, పంచాయితీ.. ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఇవ్వబోయే ముందు రోజు పెదతాతగారు మామూలు కంటే నాలుగు రెట్లు నూనె పట్టించేవారు. స్టేషన్లో ఆయుధాలుంచే గదిని బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు. అక్కడ ఎవడూ మన పిస్తోలుకి తలంటి పొయ్యడు కదా. నంబరు రాసిన అట్టముక్క కట్టి, నూనె గుడ్డలో చుట్టి, ఇచ్చి, రసీదు తెచ్చుకునేవారు. ఓట్ల లెక్కింపయ్యాక రసీదిచ్చి పిస్తోలు తెచ్చుకునేవారు. రెండుమూడు నెలలు ఇంట్లో లేకపోయినా ఆయన బతుకులో తేడా ఏమీ ఉండేది కాదు. ఆ మాట ఆయనే అనేవారు.

2019లో ఏప్రిల్ 11న పోలింగు, మే 23న లెక్కింపు. అంతకుముందే యథాప్రకారం అప్పజెప్పారు. లెక్కింపయిపోయింది, జూనొచ్చింది, జులై వచ్చింది, ఆయన తెచ్చుకోలేదు. ఎనభై దాటాయి, ఓపిక లేదేమో అనుకున్నాం. మావయ్య వెళ్ళి తెస్తానంటే "అక్కడ చల్లగానే ఉందిలే" అన్నారు. డెబ్బై దాటిన లైసెన్సుదారు వారసుడి పేరిట లైసెన్సు కోరడానికి 2016 నియమాల్లో వీలుంది. మావయ్య కాయితాలు కూడా సిద్ధం చేసుకున్నాడు. పెదతాతగారు సంతకం పెట్టలేదు. కొడుకుమీద నమ్మకం లేదా అని ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఆయన నోరు విప్పలేదు.

2022లో ఆయన పోయారు. పిస్తోలు తాలూకు వారసత్వం తేల్చుకోమన్నారు. ఫైలు పాత జిల్లాలో, మేం కొత్త జిల్లాలో. తిరగాల్సినంత తిరిగాక మావయ్యే వద్దనేశాడు, ప్రభుత్వానికి వదిలేస్తున్నట్టు రాసిచ్చేశాడు. లక్షల విలువ చేసే వస్తువు కదా మావయ్యా అంటే, అప్పుడు చెప్పాడు. 2019 అంటే ఆయన రొయ్యల చెరువులు రెండు పంటలు వరసగా పోయిన ఏడు. అప్పులు, తాగుడు, రాత్రిళ్ళు నిద్ర లేదు. ఎవరికీ తెలీదనుకున్నాడు. "నాన్నకి తెలుసురా. ఆ పెట్టె తాళం నా దగ్గర కూడా ఉండేది. అదప్పుడు ఇంట్లో ఉండుంటే, ఇవాళ నీతో ఇలా మాట్లాడేవాణ్ణి కాదేమో."

నలభై ఐదేళ్ళు ఆ పిస్తోలుకి తుప్పు పట్టకుండా కాపాడారాయన. దొంగల నుంచి అది మమ్మల్ని కాపాడిన రోజు ఒక్కటీ లేదు. అది ఇంట్లో లేకపోవటమే మమ్మల్ని కాపాడింది. ఎన్నికల నియమాన్ని సాకుగా చేసుకుని, ఎవరి పరువూ తియ్యకుండా దాన్ని గడప దాటించి, దానికి మారుగా ఒక కాయితం ముక్క తెచ్చుకున్నారు. లైసెన్సంటే విసుక్కునేవాళ్ళు, చాదస్తం అనేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ అలాగే అనేవాణ్ణి. కాయితం అడ్డంగా ఉండబట్టే ఆయనకి ఆ దారి దొరికింది.

ఆ చివరి రసీదు ఇప్పటికీ ఇనప్పెట్టెలో పాలిథిన్ సంచిలోనే ఉంది. దాని మీద ఆయన వేలి నూనె మరక కూడా ఉంది.

తా.క.: దువ్వెన జవాబు దిద్దుకోవాలని, మర్నాడు డాలస్ ఆయనకి ఈ కథంతా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి ఒక్కటే అడిగాడు, "ఆ చివరిసారి కూడా నూనె రాసే ఇచ్చాడా?" అని. రాసే ఇచ్చారు అన్నాను.